బర్డ్ ఫ్లూ ప్రణాళిక: కాగితం మీద లేనివి ఏం చూసుకోవాలి?

కోనసీమ_వెట్:
ఈ మధ్యే కోనసీమలో ఒక మండల పశువైద్యశాలలో చేరాను. బర్డ్ ఫ్లూ వస్తే ఏం చేస్తారో ప్రణాళిక రాసి పంపమన్నారు. పాత ఫైల్లో టీముల పేర్లు, పీపీఈ కిట్ల లెక్క ఉన్నాయి. ఫోన్ నంబర్లు సగం పనిచేయట్లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు బర్డ్ ఫ్లూ డ్యూటీ చేసినవాళ్లుంటే చెప్పండి, ఇంకేం చూసుకోవాలి?

రిటైర్డ్_ఏడీ:
అమ్మా, ముందు గొయ్యి సంగతి చూడు. జబ్బు తగిలిన ఫారం చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లను చంపాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి, ఇది అందరికీ నోటికొచ్చు. పూడ్చేది ఎక్కడో మాత్రం ఎవరూ ముందు అనుకోరు. మన డెల్టాలో కాస్త లోతు తవ్వగానే నీళ్లు ఊరతాయి. వీఆర్వోను వెంటబెట్టుకుని ఒక్కో ఫారం దగ్గర మెరక ఎక్కడుందో ఇప్పుడే చూసుకో. ఫారం ఆవరణలోనే దొరికితే మరీ మంచిది, కళేబరాలు రోడ్డెక్కవు. జేసీబీ ఓనరుతో పాటు డ్రైవరు నంబరూ రాసుకో, రాత్రిపూట ఫోనెత్తేది అతనే. జబ్బంటే భయపడి మధ్యలో వెళ్లిపోకుండా మాస్కు, ఫ్లూ మందు టామిఫ్లూ అతనికీ ఇస్తామని ముందే చెప్పు. సున్నం ఏ కొట్లో ఎన్ని బస్తాలుంటాయో కనుక్కో.

మాక్ డ్రిల్ ఏసీ హాల్లో పెట్టకు. మిట్టమధ్యాహ్నం షెడ్డులో పీపీఈ వేయించు. కళ్లద్దాలకు ఆవిరి పట్టి ఎదురుగా ఉన్న కోడి కూడా కనపడదు. విప్పేటప్పుడు ఇంకా ఘోరం, గ్లవుజు చేత్తోనే జేబులో ఫోన్ తీస్తారు!

లేయర్_రైతు:
మేడమ్, నష్టపరిహారం చంపిన కోళ్లకే, అప్పటికే చచ్చిన వాటికి రాదు. ఇది మా వాళ్లలో చాలామందికి తెలీదు. ఊళ్లో తెలిస్తే గుడ్ల లారీ ఆగిపోతుందని గుట్టుగా కాలవలో పారేసేవాళ్లున్నారు. జబ్బు రాకముందే ఫారాలు తిరిగి ఈ ఒక్క ముక్క చెప్పండి, వాళ్లే ఫోన్ చేస్తారు.

కోనసీమ_వెట్:
థాంక్యూ అండీ. సార్, అనుమానం వస్తే చచ్చిన కోడిని అక్కడే కోసి చూడొచ్చా?

రిటైర్డ్_ఏడీ:
వద్దు తల్లీ. శాంపిల్ జాగ్రత్తగా ప్యాక్ చేసి, ఐస్‌లో పెట్టి, శాఖ ద్వారా భోపాల్ ల్యాబుకు పంపాలి. రిపోర్టు వచ్చేదాకా కోడి, గుడ్డు, మేత ఏవీ గేటు దాటకూడదు. గుడ్ల ట్రేలు మరీను, ఊళ్లన్నీ తిరిగేవి అవే. మీ ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఐస్ ప్యాకులు గడ్డకట్టి ఉన్నాయో లేదో ఈ పూటే చూడు. లేకపోతే చేపల రేవులో ఐస్ ఫ్యాక్టరీ వాడితో మాట్లాడిపెట్టుకో.