ఇంజిన్ మార్చాక పాంటూన్ బోటు ముందుకు లాగట్లేదు, ప్రొపెల్లర్ జారుతోంది. ఏం చేయాలి?

డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుకునే రెండు గొట్టాల మీద తేలే మా పాంటూన్‌కి పాత 60 హార్స్‌పవర్ ఇంజిన్ తీసేసి, సెకండ్ హ్యాండ్‌లో 90ది పెట్టించాను. అప్పట్నుంచి ఇదే గొడవ.

థ్రాటిల్ పూర్తిగా తోస్తే 5400 ఆర్‌పీఎం చూపిస్తోంది, జీపీఎస్‌లో స్పీడు మాత్రం గంటకు 17 మైళ్లు దాటట్లేదు. పిచ్ (ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకి ముందుకెళ్లాల్సిన దూరం) 13 అంగుళాలు, గేర్ రేషియో 2.33 (ఇంజిన్ 2.33 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు). లెక్కేస్తే 28 పైనే రావాలి, అంటే స్లిప్ (లెక్క ప్రకారం రావాల్సిన స్పీడులో తగ్గేది) దాదాపు 40 శాతం! పాంటూన్‌కి కొంత స్లిప్ మామూలేగానీ, మరీ ఇంతా? మలుపులో అయితే ఇంజిన్ ఒక్కసారిగా గీపెడుతుంది, బోటు మాత్రం నీరసపడిపోతుంది. మా పిల్లలకి అదో నవ్వులాట.

ప్రొపెల్లర్ మధ్య భాగమైన హబ్‌లో రబ్బరు జారుతోందేమోనని మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో లోపలి హబ్ నుంచి ప్రొపెల్లర్ మీదికి ఒక గీత గీసి నడిపి చూశాను. గీత కదల్లేదు. రెక్కలకి సొట్టల్లేవు.

ఇక అనుమానం ఇంజిన్ బిగించిన ఎత్తు మీదే. స్పీడులో వెనక్కి వంగి చూస్తే ప్రొపెల్లర్ పైనుండే పలక నీళ్లలోంచి బాగా పైకి తేలి కనిపిస్తోంది, కింద అంతా తెల్లటి నురగ. బిగించినాయన బోల్టులు ఇంజిన్ బ్రాకెట్‌లో పైనుంచి మూడో రంధ్రంలో వేశాడు. పై రంధ్రానికి మార్చి ఇంజిన్ దించితే సరిపోతుందా, నాలుగు రెక్కల ప్రొపెల్లర్ కూడా కొనాలా? ఇలాంటిది బాగుచేసుకున్నవాళ్లుంటే ముందు ఏది చేయాలో చెప్పండి ప్లీజ్.