2028లో డెమోక్రాట్ అభ్యర్థి టెక్సస్ మీద టైమ్, డబ్బు పెట్టాలా? గెలిచే ఛాన్స్ నిజంగా ఉందా?

ప్లేనో_ప్రసాద్:
ప్రతి నాలుగేళ్లకీ ఇదే మాట వింటున్నాం, ఈసారి టెక్సస్ మారిపోతుందని. 1976లో జిమ్మీ కార్టర్ గెలిచాక ఇక్కడ ఒక్క డెమోక్రాట్ కూడా గెలవలేదు. నా మటుకు నేను సూటిగా చెప్తాను: వద్దు, పెట్టకూడదు.

అంకెలు చూడండి. 2012లో రిపబ్లికన్ రామ్నీ దాదాపు 16 పాయింట్ల (ఓట్ల శాతంలో) తేడాతో గెలిచాడు, 2016లో ట్రంప్ 9, 2020లో 5.6. ఈ వరుస చూసే అందరూ ఇంకొక్క ఎన్నిక చాలన్నారు. 2024లో ఆ తేడా మళ్లీ 13.7కి వెళ్లింది. అయితే రాష్ట్రం లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, దేశం మొత్తంతో పోల్చాలి. 2012లో ఒబామా దేశవ్యాప్తంగా 4 పాయింట్లు ముందున్నాడు, అంటే టెక్సస్ దేశం కంటే 20 పాయింట్లు రిపబ్లికన్ల వైపు ఉంది. 2016కి ఆ దూరం 11 అయింది, 2020లో 10, 2024లో 12. పెద్ద మార్పంతా 2012కీ 2016కీ మధ్యే జరిగింది, ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. కాబట్టి టెక్సస్ గెలవాలంటే దేశంలో 10 పాయింట్ల పైన ఆధిక్యం ఉండాలి. 1984లో రీగన్ తర్వాత అంత తేడాతో ఎవరూ గెలవలేదు. ఒకవేళ అంత గాలి వీచినా, ఆ అభ్యర్థి పెన్సిల్వేనియా, మిషిగన్, జార్జియా అన్నీ అప్పటికే గెలిచేసి ఉంటాడు, ఇక టెక్సస్ 40 ఎలక్టోరల్ ఓట్లతో (అధ్యక్షుణ్ణి తేల్చేవి ఇవే, ఒక్కో రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి) అతనికి పనేముంది?

కమ్మింగ్_కవిత:
ప్రసాద్ గారూ, మీ లెక్కతోనే మాట్లాడతాను. 2012లో రామ్నీ మా జార్జియాలో దాదాపు 8 పాయింట్లతో గెలిచాడు. దేశంతో పోలిస్తే దూరం 12, అంటే ఇవాళ టెక్సస్ సరిగ్గా ఎక్కడ ఉందో అక్కడే. 2016కి అది 7 అయింది, 2020కి 4, 2024కి 1 కంటే తక్కువ. 2020లో బైడెన్ 11,779 ఓట్లతో గట్టెక్కాడు, 1992లో క్లింటన్ తర్వాత ఇక్కడ గెలిచిన డెమోక్రాట్ అతనే.

ఇది దానంతటదే జరిగిపోలేదు. ఇక్కడి డెమోక్రాట్ నాయకురాలు స్టేసీ ఏబ్రమ్స్ వాళ్లు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి కొత్త ఓటర్లను నమోదు చేయించారు. 2018లో ఆమె గవర్నర్ పోటీలో 55 వేల లోపు ఓట్లతో ఓడిపోయింది, ఆ ఓటమిలో తయారైన జాబితాలు, కార్యకర్తలే రెండేళ్ల తర్వాత పనికొచ్చారు. మా పక్క గ్విన్నెట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2012లో రామ్నీకి 9 పాయింట్ల ఆధిక్యం ఇచ్చింది, 2020లో బైడెన్‌కి 18 ఇచ్చింది. 2012లో మీలాగే ఆలోచించి జార్జియాని వదిలేసి ఉంటే ఏమయ్యేది?

కేటీ_నుంచి_రమణ:
కవిత గారూ, జార్జియాకీ టెక్సస్‌కీ పోలిక కుదరదండీ. అట్లాంటాకి వేరే రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు చాలా ఎక్కువ, వాళ్ల ఓటు డెమోక్రాట్లకి స్థిరంగా పడుతుంది. టెక్సస్‌లో అంతా లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) మీద ఆశ పెట్టుకున్నారు, జనాభా పెరిగితే ఓట్లు పెరుగుతాయని. ఏం జరిగిందో మెక్సికో సరిహద్దులో ఉన్న స్టార్ కౌంటీ చూస్తే తెలుస్తుంది. అక్కడ దాదాపు అందరూ లాటినోలే. 2016లో హిల్లరీ 60 పాయింట్లతో గెలిచింది, 2020లో బైడెన్ 5 పాయింట్లతో, 2024లో ట్రంప్ 16 పాయింట్లతో. 1892 తర్వాత ఆ కౌంటీ రిపబ్లికన్‌కి ఓటేయడం అదే మొదటిసారి! ఎనిమిదేళ్లలో 76 పాయింట్లు అటు నుంచి ఇటు. సరుకుల ధరలు, సరిహద్దు, చమురు బావుల్లో ఉద్యోగాలు, వీటి గురించి అక్కడ మనుషులు ఏం అడుగుతున్నారో వినకుండా, వీళ్లు మా ఓటర్లేలే అనుకున్నారు. నాకు ఆ నిర్లక్ష్యమే ఎక్కువ బాధ అనిపిస్తుంది.

నగర శివార్లలో కూడా అంతే. షుగర్ ల్యాండ్ ఉన్న మా ఫోర్ట్ బెండ్ కౌంటీలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, బైడెన్ 10 పాయింట్లకు పైగా గెలిచిన ఈ కౌంటీలో 2024లో హారిస్ బొటాబొటిగా గెలిచింది. మనవాళ్లలో చాలామంది ఇంకా హెచ్1బీ, గ్రీన్ కార్డు మీదే ఉన్నారు కాబట్టి ఓటు లేదు, గుడిలోనో క్రికెట్ గ్రౌండ్‌లోనో కనబడే జనాన్ని చూసి ఓట్లు లెక్కేయకూడదు.

గుంటూరు_కుర్రోడు:
అన్నా ఒక డౌట్. ఓడిపోయే రాష్ట్రంలో కూడా కొన్ని సీట్లు వస్తాయి కదా? 2024 లోక్‌సభలో తెలంగాణలో బీజేపీకి కాంగ్రెస్ కంటే ఓట్లు తక్కువ వచ్చినా చెరో 8 ఎంపీలు గెలిచారు. అలాంటిది అక్కడ ఉండదా?

ప్లేనో_ప్రసాద్:
ఉండదు తమ్ముడూ, అసలు చిక్కే అది. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే మొత్తం ఎలక్టోరల్ ఓట్లు పోతాయి, మెయిన్, నెబ్రాస్కా రెండు రాష్ట్రాల్లో మాత్రమే కొంత పంపకం ఉంది. 2020లో ట్రంప్‌కి టెక్సస్‌లో వచ్చిన ఓట్ల కంటే కాలిఫోర్నియాలో ఎక్కువ వచ్చాయి, 60 లక్షలు, అయినా అక్కడి నుంచి అతనికి ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాలేదు. అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నది. టెక్సస్‌లో 14 పాయింట్ల ఓటమిని 4కి తగ్గించినా చేతికి వచ్చేది సున్నానే.

1960లో నిక్సన్ సంగతి చూడండి. 50 రాష్ట్రాలూ తిరుగుతానని మాటిచ్చాడు. మధ్యలో మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చి రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు, అయినా ఆ మాట కోసం పోలింగ్‌కి రెండు రోజుల ముందు అలాస్కాకి విమానమెక్కాడు. అలాస్కాకి ఉన్నవి 3 ఓట్లు, గెలిచాడు కూడా. అదే ఎన్నికలో 27 ఓట్లున్న ఇలినాయ్ 9 వేల లోపు తేడాతో పోయింది. 2016లో హిల్లరీ చివరి వారంలో ఆరిజోనాలో సభ పెట్టింది, అసలు పోటీ మొదలయ్యాక విస్కాన్సిన్‌కి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆరిజోనా 3.5 పాయింట్లతో పోయింది, విస్కాన్సిన్ 22,748 ఓట్లతో పోయింది.

కమ్మింగ్_కవిత:
ఆ ఆరిజోనాయే 2020లో 10,457 ఓట్లతో బైడెన్‌కి వచ్చింది కదండీ. విస్కాన్సిన్‌కి వెళ్లకపోవడం తప్పే, దానికి ఆరిజోనా వెళ్లడం కారణం ఎలా అవుతుంది? అవతలి వైపు కూడా చూడండి. మిషిగన్, పెన్సిల్వేనియా 1988 తర్వాత రిపబ్లికన్లకి దక్కలేదు, అవి కదలని గోడ అని అందరూ అన్నారు. 2016లో ట్రంప్ ఆ మాట వినకుండా చివరి సభ కూడా మిషిగన్‌లోనే పెట్టి 10,704 ఓట్లతో గెలిచాడు. అతను కూడా మీ సలహా విని ఉంటే?

రమణ గారూ, స్టార్ కౌంటీ గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం, కానీ అదే నాకు ఆశ కూడా. ఎనిమిదేళ్లలో అంత దూరం వెళ్లిన ఓటర్లు ఎవరికీ శాశ్వతంగా కట్టుబడి లేరు. న్యూజెర్సీలో బైడెన్ 16 పాయింట్లతో గెలిస్తే హారిస్ 6తో గెలిచింది, ఇక ఆ రాష్ట్రం జారిపోతుందన్నారు. 2025 గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ మికీ షెరిల్ రెండంకెల తేడాతో గెలిచింది.

కేటీ_నుంచి_రమణ:
తిరిగి వస్తారేమో, కానీ టీవీ యాడ్స్‌కి రారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో, రియో గ్రాండే లోయ, ఒక్కో చోటా విడిగా యాడ్స్ కొనాలి. ఆ డబ్బుతో రెండు మూడు స్వింగ్ రాష్ట్రాల్లో (ఎటైనా మొగ్గే రాష్ట్రాల్లో) ప్రచారం చేయొచ్చు. 2024 అక్టోబర్‌లో హారిస్ హ్యూస్టన్ సభకి బియాన్సే వచ్చింది, అది కూడా టెక్సస్ ఓట్ల కోసం పెట్టిన సభ కాదు, ఇక్కడి అబార్షన్ నిషేధాన్ని దేశమంతటికీ చూపించడానికి పెట్టింది. ఆ పని వరకు నాకు అభ్యంతరం లేదు.

ప్లేనో_ప్రసాద్:
పార్టీ ఇక్కడ పని చేయకూడదని నేను అనట్లేదు, ఏడాది పొడవునా చేయాలి. అభ్యర్థి చివరి ఎనిమిది వారాలు ఎక్కడ గడపాలన్నదే నా ప్రశ్న. 1994 తర్వాత డెమోక్రాట్లు టెక్సస్‌లో రాష్ట్రస్థాయి పదవి ఒక్కటీ గెలవలేదు. 2018 సెనేట్ పోటీలో మన డెమోక్రాట్ బీటో ఓరూర్క్ 2.6 పాయింట్ల దాకా వచ్చి ఆగాడు, 2024 సెనేట్ పోటీలో తేడా మళ్లీ 8 దాటింది. ముందు ఒక సెనేటరో గవర్నరో గెలవనివ్వండి, అప్పుడు అధ్యక్ష అభ్యర్థిని రమ్మందాం.

కమ్మింగ్_కవిత:
జార్జియాలో ఆ వరుస తిరగబడింది. 2006 తర్వాత 2020 దాకా ఇక్కడా డెమోక్రాట్లకి రాష్ట్రస్థాయిలో ఒక్క గెలుపూ లేదు. ముందు 2020 నవంబర్‌లో బైడెన్ గెలిచాడు, ఆసాఫ్, వార్నాక్ సెనేట్‌కి గెలిచింది 2021 జనవరి 5న.

ఇంకో మాట, దీని గురించి నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. 2020 జనాభా లెక్కల తర్వాత టెక్సస్ ఎలక్టోరల్ ఓట్లు 38 నుంచి 40కి పెరిగాయి, పెన్సిల్వేనియా, మిషిగన్ ఒక్కోటి కోల్పోయాయి. ఈ ధోరణి సాగితే 2032 నాటికి పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ గెలిచినా గెలుపుకి కావాల్సిన 270 ఓట్లు చేరడం కష్టం. టెక్సస్ పని అప్పుడు మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ప్లేనో_ప్రసాద్:
2032 గురించి మీరన్నదాంతో నాకు పేచీ లేదు. 2028లో మాత్రం 2020 లెక్కల ఓట్లే నడుస్తాయి. కాబట్టి నమోదు చేసేవాళ్లకి డాలస్‌లోనూ స్టార్ కౌంటీలోనూ ఇప్పటి నుంచే జీతాలివ్వండి, అభ్యర్థిని మాత్రం అక్టోబర్‌లో విస్కాన్సిన్‌కి పంపండి.