వ్యవస్థలా, జనం అలవాట్లా: దేశం బాగుపడేది దేనివల్ల?

అనుమానం_పక్షి:
అర్థశాస్త్రం మీద పట్టున్నవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. 2024లో అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు నోబెల్ వచ్చినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే మాట, వ్యవస్థలు సరిగ్గా ఉంటే దేశం బాగుపడుతుందని. ఆస్తికి భద్రత, కాంట్రాక్టుకు విలువ, పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకే రూలు, వినడానికి బాగానే ఉంది. కానీ నాకు రెండు చోట్ల లెక్క కుదరట్లేదు. దక్షిణ కొరియా పరుగందుకున్నది పార్క్ చుంగ్ హీ సైనిక పాలనలో (1961 నుంచి 1979 దాకా ఆయనే). చైనా సంగతి సరేసరి. అటు చూస్తే ఆఫ్రికాలోని లైబీరియా 1847లోనే అమెరికా రాజ్యాంగాన్ని నమూనాగా పెట్టుకుని తనది రాసుకుంది, ఏం ఒరిగింది? మా ఫ్రెండ్ ఒకడు "ఇదంతా సోది, కష్టపడే జనం ఉంటే దేశం పైకొస్తుంది, లేకపోతే లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అదీ నాకు మింగుడు పడట్లేదు.

కొలబద్ద:
మీ ఫ్రెండ్‌కి జవాబు కొరియాలోనే ఉందండి. 1945లో దేశాన్ని 38వ అక్షాంశం దగ్గర రెండు ముక్కలు చేశారు. అటూ ఇటూ ఒకే భాష, ఒకే చరిత్ర, అవే కుటుంబాలు. నిజానికి భారీ పరిశ్రమలు, జలవిద్యుత్తు ఎక్కువగా ఉత్తరాన ఉండేవి, దక్షిణాన ప్రధానంగా వ్యవసాయమే. ఎంతగా అంటే, 1948 మేలో ఉత్తరం వాళ్లు స్విచ్ కట్టేస్తే దక్షిణం చీకట్లో పడింది. అలాంటిది ఇవాళ తలసరి ఆదాయంలో ఆ రెండింటికీ పోలికే లేదు. కష్టపడే గుణం గీతకు ఒక పక్కనే ఉండిపోదు కదా!

ఇక సైనిక పాలన సంగతి. ఓటు ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే బొమ్మ సగమే కనబడుతుంది. పార్క్ రాకముందే, 1950లో, దక్షిణ కొరియాలో భూసంస్కరణలు జరిగాయి, ఒక కుటుంబానికి సుమారు 3 హెక్టార్లని పరిమితి పెట్టి మిగతాది దున్నేవాళ్లకు ఇచ్చారు. భూస్వాముల వర్గం నడుం విరిగింది, కౌలు రైతు తన పిల్లల్ని బడికి పంపగలిగాడు. తర్వాత వచ్చిన ఫ్యాక్టరీలకు చదువొచ్చిన కార్మికులు దొరికారంటే దాని వెనక ఇదీ ఒక కారణమే.

చైనాలో అయితే అన్హుయి రాష్ట్రంలో షియావ్‌గాంగ్ అనే ఊరి కథ చూడండి. 1978 చివర్లో 18 మంది రైతులు రహస్యంగా కూర్చుని కమ్యూన్ (ఊరంతా ఉమ్మడిగా సాగుచేసే) భూమిని ఇళ్లవారీగా పంచుకున్నారు. సర్కారుకు ఇవ్వాల్సిన ధాన్యం ఇచ్చేశాక మిగిలింది ఎవరిది వాళ్లదే. అప్పట్లో అది నేరం, అందుకని కాగితం మీద వేలిముద్రలు వేసి, నాయకుల్ని జైల్లో పెడితే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు సాకాలని రాసుకున్నారు. మరుసటి ఏడాది పంట అమాంతం పెరిగింది. అదే నేల, అదే మనుషులు. పండించింది తన ఇంటికి వస్తుందన్న నమ్మకం ఒక్కటే కొత్తది. నా దృష్టిలో వ్యవస్థ అంటే అదే, మిగతాదంతా దానికి తొడుగు.

అడ్డుపుల్ల:
కొలబద్ద గారూ, ఆ కథ మీ వాదన కంటే ఆ ఫ్రెండ్ వాదనకే పనికొచ్చేలా ఉంది 😀 చట్టం వాళ్ల వైపు లేదు, కోర్టు లేదు, వాళ్లను నిలబెట్టింది ఒకరి మీద ఒకరికున్న నమ్మకం. ఒక్కడు నోరు జారినా అందరూ లోపలికే. పక్కవాడి మాట మీద పిల్లల్ని వదిలి వెళ్లగలిగే చోట అది సాధ్యం, ఎక్కడ పడితే అక్కడ కాదు.

ఈ నమ్మకం ఒకసారి పోతే తిరిగి రావడం ఎంత కష్టమో ఆఫ్రికా మీద నన్, వాంచెకాన్ అనే పరిశోధకులు 2011లో వేసిన పేపర్ చూపిస్తుంది. బానిస వ్యాపారంలో ఎక్కువ మంది ఎత్తుకుపోబడిన తెగల వారసులు ఇప్పటికీ ఇరుగుపొరుగును, చివరికి బంధువుల్ని కూడా తక్కువగా నమ్ముతారని తేలింది. పట్టి అమ్మినవాళ్లలో తెలిసినవాళ్లూ ఉండేవారు మరి. అప్పివ్వాలన్నా, పొత్తులో వ్యాపారం పెట్టాలన్నా అవతలివాడి మీద గురి కుదరాలి, ప్రతిదానికీ కోర్టుకు వెళ్లలేం.

లైబీరియా గురించి: ఆ రాజ్యాంగం అమెరికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల కోసం రాసుకున్నది. స్థానిక తెగలవాళ్లు దశాబ్దాల పాటు ఓటుకు బయటే, ఆ చిన్న వర్గం పెత్తనం 1980 సైనిక తిరుగుబాటు దాకా సాగింది. కర్ర ఉన్నవాడిదే బర్రె అయినప్పుడు కాగితం మీద ఏం రాస్తే ఏం?

అన్నట్టు, నోబెల్ వచ్చింది కదా అని వేదం అనుకోవద్దు. యూరోపియన్లు తక్కువగా చనిపోయిన కాలనీల్లో మంచి వ్యవస్థలు కుదురుకున్నాయని చూపడానికి ఆ ముగ్గురూ వాడిన మరణాల డేటా మీద ఆల్బుయి అనే ఆర్థికవేత్త గట్టి అభ్యంతరాలే పెట్టాడు. గ్లేజర్ అనే మరో ఆర్థికవేత్త బృందమైతే 2004లోనే, ముందు చదువు, ఆదాయం పెరుగుతాయి, మంచి వ్యవస్థలు తర్వాత వస్తాయని వాదించింది.

రెండో_చూపు:
వ్యవస్థకూ జనం అలవాటుకూ మధ్య గీతను ఇద్దరూ మరీ గట్టిగా గీస్తున్నారు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల పార్కింగ్ టికెట్లను (జరిమానా చీటీలను) ఫిస్మన్, మిగ్వేల్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. దౌత్యవేత్తలకు చట్టం నుంచి మినహాయింపు ఉండటం వల్ల ఫైన్ కట్టకపోయినా అడిగే నాథుడు లేడు. అయినా స్వీడన్, నార్వే వాళ్లకు బాకీ టికెట్లు లేవు, అవినీతి బాగా ఉన్న దేశాల వాళ్లకు గుట్టలుగా ఉన్నాయి. అంటే అలవాటు మనిషి వెంటే విమానమెక్కి వస్తుందన్నమాట. తర్వాత 2002 చివర్లో, బాకీ కట్టకపోతే దౌత్య నంబర్ ప్లేట్లు పీకేస్తామని నగరం పట్టుబట్టింది. దాంతో బాకీ టికెట్లు దాదాపు 98 శాతం పడిపోయాయి! మనుషులు మారలేదు, మళ్లీ మళ్లీ తప్పు చేస్తే ఏమవుతుందన్నది మారింది.

అనుమానం_పక్షి:
ఈ పార్కింగ్ కథ మా వాడికి పంపాను. "సరే, ప్లేటు పీకాల్సినవాడే లంచం తీసుకుంటే?" అని తిరిగి పంపాడు. దీనికేమంటారు?

రెండో_చూపు:
మంచి ప్రశ్నే వేశాడు. కంచే చేను మేసే చోట జార్జియా (అమెరికా రాష్ట్రం కాదు, ఒకప్పటి సోవియట్ దేశం) ఒక పని చేసింది. 2003 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం ట్రాఫిక్ పోలీసుల్ని మొత్తంగా ఇంటికి పంపేసి, తక్కువమందిని కొత్తగా తీసుకుని, జీతాలు బాగా పెంచింది. రోడ్డు మీద చేయి చాపడం చూస్తుండగానే దాదాపు మాయమైంది, దానికి తరాలు పట్టలేదు. కానీ అదే ప్రభుత్వం జడ్జీలను తన చెప్పుచేతల్లో పెట్టుకుందన్న విమర్శ చివరిదాకా ఉంది. కింది ఉద్యోగిని పైవాడు ఉతికి ఆరేయగలడు, ఆ పైవాణ్ని అడిగే కోర్టును మాత్రం తనంతట తాను ఎందుకు బలపరుస్తాడు? అక్కడ జనం పోరాడితే తప్ప జరగదు, మీ వాడి జనం వాదన ఆ మేరకు నేనూ ఒప్పుకుంటా.