మాజీ సైనికులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రిలో మెడికల్ సూపరింటెండెంట్ పోస్టు ఇస్తామంటున్నారు, ఒప్పుకోనా?

బ్రాడీపేట డాక్టరమ్మ:

నమస్కారమండీ. మాది గుంటూరు. ఇక్కడి మెడికల్ కాలేజీలోనే ఎంబీబీఎస్, జనరల్ మెడిసిన్ చేశాను. తొమ్మిదేళ్లుగా విజయవాడ సూర్యారావుపేటలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజీషియన్‌ని. రోజూ పొద్దున్నే వారధి దాటి వెళ్లడం, రాత్రి ఎనిమిదింటికి మళ్లీ దాటి రావడం. పేరు అడగొద్దు, చెప్పను.

మా ఆసుపత్రి ఈసీహెచ్‌ఎస్ ప్యానెల్‌లో ఉంది. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: 2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల కోసం మొదలైన ఆరోగ్య పథకం ఇది. మిలిటరీ ఆయన ముందు ఆ పథకం వాళ్ల సొంత క్లినిక్‌కి, అంటే పాలీక్లినిక్‌కి వెళ్తాడు. అక్కడ కుదరనిది మాలాంటి ఆసుపత్రికి రాసి పంపిస్తారు. ఆయన చేతినుంచి పైసా తీసుకోకుండా వైద్యం చేసి, బిల్లు మేం ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. మా వార్డులో ఏ రోజు చూసినా సగం మంది వీళ్లే. తెనాలి, పొన్నూరు, నూజివీడు, అవనిగడ్డ, ఎక్కడెక్కడినుంచో వస్తారు.

రెండు నెలల కింద జరిగింది చెప్తాను, ఎందుకంటే నా టెన్షనంతా అక్కడే మొదలైంది. రిటైరైన హవల్దారు, 68 ఏళ్లు, షుగర్ చూపించుకోడానికి వచ్చాడు. ఓపీ హాల్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని, వీపు కుర్చీకి ఆనించకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు అటు వెళ్లాను, రెండుసార్లూ కనిపించాడు. గంటన్నర తర్వాత టోకెన్ వచ్చి లోపలికొస్తే, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఏసీ హాల్లో కూర్చున్న మనిషికి.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"కొంచెం గ్యాస్ మేడమ్. ఫర్వాలేదు."

"ఎప్పట్నుంచి?"

"రాత్రి రెండింటినుంచి మేడమ్. ఫర్వాలేదు."

ఈసీజీ తీస్తే ఇన్ఫీరియర్ వాల్ ఎంఐ, అంటే గుండె కింది గోడకి వచ్చిన గుండెపోటు. అప్పటికి పొద్దున పదకొండున్నర. గుండె రక్తనాళాలు చూసి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్‌కి పరిగెత్తించాం, స్టెంట్ పడింది, బతికాడు. సాయంత్రం వాళ్లావిడ చెప్పిన మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. వచ్చీరాగానే కౌంటర్లో గుండెలో మంటగా ఉందని చెప్పాడట. "మీ రిఫరల్ షుగర్‌కే ఉంది, గుండెకి వేరే రాయించుకు రావాలి" అన్నారట మావాళ్లు. సరేనని వచ్చి కూర్చున్నాడు. ఎమర్జెన్సీకి రిఫరల్ అక్కర్లేదు, నేరుగా చేర్చుకుని ఆన్‌లైన్‌లో తెలియజేస్తే చాలు. ఆ సంగతి కౌంటర్లో ఉన్న అబ్బాయికి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇదయ్యాక మూడు వారాలకి మా ఆసుపత్రి ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) గారు పిలిచారు. ఇప్పుడున్న సూపరింటెండెంట్ గారు పెద్దాయన, సర్జన్, మానేస్తున్నారు. "మిలిటరీ పేషెంట్లకి మీరంటే గురి, ఓపిగ్గా మాట్లాడతారు, మీరే చూసుకోండి" అన్నారు. జీతం మీద నలభై వేలు ఎక్కువ. ఓపీ సగానికి తగ్గించుకోవాలి. బిల్లుల డబ్బు రావడానికి టైము పడుతుంది కాబట్టి "ఆ అడ్మిషన్లు కొంచెం చూసీచూడనట్టు కంట్రోల్ చేయాలి" అని కూడా అన్నారు. ఆ "కంట్రోల్" అనే మాటకి అర్థమేమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మిలిటరీ గురించి నాకు తెలిసింది సున్నా. మా ఇంట్లో ఎన్‌సీసీలో చేరినవాళ్లు కూడా లేరు. మా ఆయన "వద్దు, సంతకాలు పెట్టీ పెట్టీ నీ చెయ్యి పడిపోతుంది" అంటున్నాడు. అమ్మాయి పదో తరగతి. ఇలాంటి పోస్టు చేసినవాళ్లు, వీళ్లతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఒప్పుకుంటే ఏం అడిగి ఒప్పుకోవాలి?

రిటైర్డ్ సుబేదార్, తెనాలి:

డాక్టరమ్మా, నమస్తే. మీరు రాసిన హవల్దారు లాంటివాణ్ని నేనూ. 28 ఏళ్ల సర్వీసు, ఆర్టిలరీ. ఆయన ఫర్వాలేదని ఎందుకన్నాడో నేను చెప్తాను.

ఆర్మీలో ప్రతివాడికీ ఒక మెడికల్ కేటగిరీ ఉంటుంది. షేప్ అంటారు. మనసు, చెవి, కాళ్లూచేతులు, ఒళ్లు, కన్ను, ఐదూ కలిపి. అన్నీ బాగుంటే షేప్ వన్. ఒక్కటి తగ్గినా లో మెడికల్ కేటగిరీ. అందులో పడితే ప్రమోషన్ దగ్గర, మంచి కోర్సుల దగ్గర, ఎక్స్‌టెన్షన్ దగ్గర ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది. అందుకని జవాను జ్వరమొచ్చినా దాస్తాడు. పొద్దున సిక్ రిపోర్టులో పేరు రాయించుకుంటే తోటివాళ్లు కామ్‌చోర్ అని ఆటపట్టిస్తారు. ఇరవై ఏళ్లు "ఠీక్ హై సాబ్" అన్న నోరమ్మా అది, పెన్షన్ వచ్చినంత మాత్రాన మారుతుందా? నాకు మోకాలు అరిగిందని మా ఇంటావిడకే ఏడాది దాకా తెలియదు.

ఇంకోటి. మీ కౌంటర్లో మొదటి ప్రశ్న "ఏ ర్యాంకు?" అనే ఉంటుంది, నాకు తెలుసు. రూలు ప్రకారం అడగాల్సిందే. హవల్దారు దాకా జనరల్ వార్డు, మా జేసీఓలకి, అంటే సుబేదార్ల స్థాయి వాళ్లకి సెమీ ప్రైవేటు, ఆఫీసర్లకి ప్రైవేటు రూము. అడగడం తప్పు కాదు. అడిగి, సిపాయి అనగానే గొంతు మారుతుంది చూడండి, అక్కడ మనసు చివుక్కుమంటుంది. పోయినేడు నేనూ మా యూనిట్ నాయక్ ఒకేసారి ఒక ఆసుపత్రిలో ఉన్నాం. నా ఏసీ రూములో నేను పడుకున్నది రాత్రి పూటే. పగలంతా వాడి మంచం దగ్గరే, జనరల్ వార్డులో పేకాట. నర్సమ్మ వచ్చి తిట్టేది.

వితంతువుల్ని కూడా చూసుకోండి. ఆయనున్నప్పుడు కార్డు, పాలీక్లినిక్, అన్నీ ఆయనే తిరిగేవాడు. ఆయన పోయాక వాళ్లకి ఏ కాయితం ఎక్కడివ్వాలో తెలియదు. మీరు ఒప్పుకోండమ్మా. మిలిటరీ గురించి తెలియకపోతే మేం చెప్తాం.

క్లెయిమ్స్ కౌంటర్:

మేడమ్, నేను మీరు తిట్టుకుంటున్న ఆ కౌంటర్ జాతివాణ్ని. మీ ఆసుపత్రి కాదులెండి, గుంటూరు కొత్తపేటలో వేరే చోట. పదకొండేళ్లుగా ఈ క్లెయిములే నా బతుకు.

ఆ అబ్బాయిని ఒక్కణ్నే అనకండి. రిఫరల్ లేని కేసు తీసుకుని రేపు బిల్లు తిరిగొస్తే వాడి జీతంలో కోస్తామని ఎవరో ఒకరు భయపెట్టి ఉంటారు. వాడు రిఫరల్ కాయితాన్ని చూస్తాడు, మనిషిని చూడడు. సూపరింటెండెంట్ ఒక్క లైను రాసి కౌంటర్లో అంటిస్తే సరిపోతుంది: "ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, స్పృహ తప్పడం: రిఫరల్ అడగొద్దు, క్యాజువాల్టీకి పంపు, నాకు ఫోన్ చెయ్యి." కింద మీ సంతకం, మీ నంబరు. ఆ సంతకం ఉంటే వాడికి ధైర్యం.

మీ హవల్దారు గారి స్టెంట్ స్టిక్కరు ఉందా మేడమ్? నవ్వకండి. స్టెంట్ ప్యాకెట్ మీద ఉండే స్టిక్కరు, ఇన్‌వాయిసు, రెండూ బిల్లుతో అప్‌లోడ్ చేయాలి. అర్ధరాత్రి కేసుల్లో క్యాథ్‌ల్యాబ్ వాళ్లు ప్యాకెట్ చెత్తబుట్టలో పడేస్తారు. నేను ఒకసారి గ్లౌజులు వేసుకుని ఎర్ర సంచీ వెతికాను. దొరికింది, తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు.

"డబ్బు రావడానికి టైము పడుతుంది" అనే మాటలో కొంత నిజమే. కానీ మా దగ్గర లెక్క తీస్తే, ఆగిన బిల్లుల్లో చాలావాటికి తప్పు మాదే. డిశ్చార్జ్ సమ్మరీలో కుడి కాలని, ఎక్స్‌రేలో ఎడమ కాలని ఉంటుంది. ఒకే రేటులో లెక్కేసే ప్యాకేజీ రోజులు దాటాక ఎందుకు ఉంచారో డాక్టరు ఒక్క ముక్క రాసి ఉండడు. మేం చదివిన సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల కాయితాల్లో పెద్ద ఆపరేషన్‌కి ఏడు రోజులు, ల్యాప్రోస్కోపీకి మూడు రోజులు, ఇలా ఉంటాయి. ఆ పైన ఉంచితే కారణం కావాలి. డాక్టర్ల చేత ఆ కారణం రాయించడం నావల్ల కాదు మేడమ్, మీరైతే రాయించగలరు. అది చేస్తే అడ్మిషన్లు కంట్రోల్ చేయాల్సిన పనే ఉండదు. ఎండీ గారికి అలా చెప్పి చూడండి.

92 బ్యాచ్:

మన కాలేజీయే అన్నారు కాబట్టి చనువుగా రాస్తున్నాను. నేను అమెరికాలో మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇక్కడ వీఏ అంటారు. మెడిసిన్ విభాగానికి చీఫ్‌ని.

ఇక్కడ ఆసుపత్రికి డైరెక్టర్ ఒకరుంటారు, డాక్టరే కానక్కర్లేదు. డాక్టర్లందరికీ పైన చీఫ్ ఆఫ్ స్టాఫ్ అని ఇంకొకరు, ఆయన డాక్టరే. ఎవరు ఏ ప్రొసీజర్ చేయడానికి అర్హులు, ఏ కేసు మళ్లీ తిరగేసి చూడాలి, ఇవన్నీ ఆయన బల్ల మీదికి వస్తాయి. పీర్ రివ్యూలో, అంటే ఒక డాక్టరు చేసిన కేసుని తోటి డాక్టర్లు తిరగేసి చూసేటప్పుడు మాట్లాడుకున్నది బయటికి పొక్కకుండా చట్టం కాపాడుతుంది. వైద్యంలో పొరపాటు జరిగిందని దావా వేస్తే ప్రభుత్వం మీద వేయాలి, డాక్టరు మీద కాదు. మీకు ఆ గొడుగు లేదు. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం పేషెంటు బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లు కట్టినా, ఉద్యోగం ఇచ్చినవాళ్లు కట్టినా అది వినియోగదారుల చట్టం కిందికే వస్తుంది. ఆయన పైసా కట్టలేదు కదా అనుకోవద్దు. సూపరింటెండెంట్ హోదాలో మీకు ఇండెమ్నిటీ పాలసీ (కేసులు పడితే ఆదుకునే బీమా) విడిగా తీయించమని అడగండి. ఫిజీషియన్‌గా ఉన్న పాలసీ సరిపోతుందనుకోకండి.

మీ "కంట్రోల్" మాట చదివి నాకు 2014 గుర్తొచ్చింది. ఫీనిక్స్ వీఏలో అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు అసలు కంప్యూటర్ లెక్కలో ఎక్కించకుండా వేరే లిస్టుల్లో ఉంచారని బయటపడింది. 14 రోజుల్లో అపాయింట్‌మెంట్ ఇవ్వాలని పైవాళ్లు పెట్టిన టార్గెట్. కాయితం మీద అంతా బ్రహ్మాండం. ఆ గొడవలో ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకి రాజీనామా చేశారు. వియత్నాంలో పాదంలో కొంత పోగొట్టుకున్న జనరల్ ఆయన, మాజీ సైనికులంటే ప్రాణం. ఆయన దగ్గరికొచ్చిన లెక్కలు బాగానే కనిపించాయి మరి. కాబట్టి "కంట్రోల్" అంటే ఏమిటో కాయితం మీద రాసిమ్మనండి. రాయడానికి ఇబ్బంది పడితే మీకు జవాబు దొరికినట్టే.

ఓపీ పూర్తిగా మానొద్దు. నేను వారంలో ఒకరోజు చూస్తాను, మిగతా నాలుగు రోజుల మీటింగుల్లో తెలియని సంగతులు ఆ ఒక్కరోజులో తెలుస్తాయి. మాకిక్కడ ట్రైనీ డాక్టర్లకి జేబులో పెట్టుకునే చిన్న కార్డు ఒకటి ఇస్తారు, మాజీ సైనికుణ్ని ఏం అడగాలో. ఎప్పుడు చేశారు, ఎక్కడ చేశారు, అక్కడ మీ పని ఏమిటి? మీరు తెలుగులో ఒకటి తయారు చేసుకోండి. సియాచిన్‌లో చేశానంటే కాలివేళ్లు చూస్తారు, ఫిరంగుల దగ్గర చేశానంటే చెవి చూస్తారు. వియత్నాంలో చేశానని ఇక్కడ ఎవరైనా అంటే మేం ఏజెంట్ ఆరెంజ్ గురించి, అంటే ఆ యుద్ధంలో అడవుల మీద చల్లిన విషపు మందు గురించి అడుగుతాం. మీ 68 ఏళ్లాయన్ని అడిగారా, ఏం పని చేశాడో?

బ్రాడీపేట డాక్టరమ్మ:

అందరికీ థాంక్స్. సార్, అడగలేదు. సిగ్గుగా ఉంది. తొమ్మిదేళ్లలో ఏ ఒక్కర్నీ అడగలేదు. కేస్ షీటులో "వృత్తి" అన్న చోట అందరికీ "ఎక్స్ సర్వీస్‌మన్" అని ఒకే ముద్ర కొట్టిస్తున్నాం.

సుబేదార్ గారూ, నిన్న మీ ఊరివైపునుంచే ఒకాయన బీపీకి వచ్చాడు. "ఏం పని చేశారండీ సర్వీసులో?" అన్నాను. గన్నర్‌నన్నాడు, ఫిరంగుల దగ్గర పని. అప్పుడు అర్థమైంది, నేనెప్పుడు మాట్లాడినా ఎందుకు తల అటు తిప్పుతున్నాడో. కుర్చీ ఆయన రెండో చెవి వైపుకి లాక్కున్నాను. మందులు వేసుకునే తీరు మళ్లీ మొదట్నుంచి చెప్తే, మూడు నెలలుగా రాత్రి మాత్ర పొద్దున, పొద్దున మాత్ర రాత్రి వేసుకుంటున్నాడని తేలింది. ఇదివరకు నేను చెప్పినప్పుడల్లా "సరే మేడమ్" అన్నాడు పాపం.

కౌంటర్ గారూ, స్టిక్కరు సంగతి మీకెలా తెలుసండీ బాబూ? లేదు. క్వెరీ వచ్చి నా బల్ల మీదే ఉంది. స్టెంట్ కంపెనీ ఇన్‌వాయిసులో సీరియల్ నంబరుతో, స్టెంట్ వేసినప్పటి సీడీతో సరిపెట్టడానికి చూస్తున్నారు. మీరు చెప్పిన లైను రాశాను. పోస్టులో లేను కాబట్టి ఫిజీషియన్‌గానే సంతకం పెట్టి కౌంటర్లో అంటించాను. ఆ అబ్బాయి నన్ను చూసి లేచి నిలబడి, "మేడమ్, ఆ రోజు నాకు నిజంగా తెలియదు" అన్నాడు. కూర్చోమన్నాను.

ఎండీ గారికి నిన్న మూడు కోరికలు రాసిచ్చాను. అడ్మిషన్ల మీద డబ్బు కారణంతో పరిమితి ఉండదని కాయితం, విడిగా ఇండెమ్నిటీ, వారంలో మూడు రోజులు ఓపీ. చదివి సొరుగులో పెట్టుకున్నారు. "ఇంత రాతకోతలు ఎందుకు మేడమ్, మనం మనం" అన్నారు. సోమవారం మళ్లీ రమ్మన్నారు, వెళ్తున్నాను.