కొబ్బరి చెట్టులో ఉన్నది కొమ్ము పురుగా, ఎర్రముక్కు పురుగా? లేక రెండూనా?

సైనిక్‌పురిలో మా ఇంటి వెనక కాపు మీదున్న కొబ్బరి చెట్టు ఉంది. కొత్తగా విచ్చుకున్న మట్టలు కత్తెరతో త్రికోణాలుగా కత్తిరించినట్టు కనిపిస్తున్నాయి. ఇది కచ్చితంగా కొమ్ము పురుగు పనే. మడిచి ఉన్న మొవ్వును తొలిచేస్తుంది కాబట్టి, ఆకు విప్పుకున్నాక కోతలు అలా బయటపడతాయి. దీని పిల్లపురుగులు చెట్టులో కాదు, పేడ, కంపోస్టు కుప్పల్లో పెరుగుతాయి. పక్క ప్లాటులో అలాంటి కుప్ప ఒకటుంది. ఓనరుతో మాట్లాడాలి, అదో తలనొప్పి.

అసలు టెన్షన్ వేరే. కాండం మీద చిన్న రంధ్రం కనిపించింది. దాన్నుంచి ముదురు గోధుమరంగు జిగురు కారుతోంది, నమిలిన పీచు కూడా వస్తోంది. ఇవి ఎర్రముక్కు పురుగు లక్షణాలు. దాని పిల్లపురుగులు లోపలే ఉండి కాండాన్ని తినేస్తాయి, మొవ్వు వాలిపోయాక చెట్టు దక్కడం కష్టం. పైగా కొమ్ము పురుగు చేసిన గాయాల్లో కూడా ఇది గుడ్లు పెడుతుంది.

మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయించాం. కానీ కాండం లోపలున్న దాన్ని అది ఏం చేస్తుంది? లింగాకర్షక బుట్టల్లో (వాసనతో పురుగుల్ని రప్పించి పట్టే ఉచ్చులు) ఈ రెండు పురుగులకీ ఎరలు వేరు. ఒక్క చెట్టుకి బుట్ట కడితే ఊళ్లో పురుగులన్నిటినీ భోజనానికి పిలిచినట్టవుతుందా? కాండంలో పురుగు ఇంకా బతికుందో లేదో ఎలా తెలుస్తుంది? కాయలు మేమే తింటాం కాబట్టి ఘాటు మందులు వద్దు. అనుభవం ఉన్నవాళ్లు ముందు దేని సంగతి చూడాలో చెప్పండి.