మూడడుగుల మంచినీటి అక్వేరియంలో ఏయే చేపలను కలిపి పెంచవచ్చు?

ప్రశ్న

నమస్కారం. మేము హైదరాబాదులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. హాలులో పెట్టడానికి 36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న గాజు తొట్టి కొన్నాను. లెక్క ప్రకారం ఇందులో సుమారు 159 లీటర్లు పట్టాలి గాని, అడుగున ఇసుక, రాళ్లు వేసి పైన కొంత ఖాళీ వదిలితే 130 లీటర్లకు మించి నీరు ఉండదనుకుంటున్నాను. ఏంజెల్ చేపలు రెండు, నియాన్ టెట్రాలు పదిహేను, గప్పీలు ఆరు, గోల్డ్‌ఫిష్ రెండు, పాచి తినడానికి ఒక సకర్ చేప వేయాలని మా పిల్లల కోరిక. మాకు వచ్చేది బోరు నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 680 చూపిస్తోంది. ఈ జాబితా సరైనదేనా? చేపలను ఎన్నాళ్లకు వదలవచ్చు?

మొదటి జవాబు

నమస్కారమండీ. ఇంట్లో ఉన్న నీటిని బట్టి చేపలను ఎంచుకోవాలి గాని, మనసుపడ్డ చేపల కోసం నీటిని మార్చుకుంటూ పోతే ఆ పని ఎన్నటికీ తెమలదు. బోరు నీటిలో టీడీఎస్ 680 ఉందంటే అది చాలావరకు కఠిన జలమే అయి ఉంటుంది. కుళాయి మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంటే ఇక సందేహమే అక్కరలేదు. నియాన్ టెట్రాలు అమెజాన్ పరీవాహక ప్రాంతపు మృదుజలంలో పుట్టి పెరిగిన జాతి. ఆర్వో నీరు కలిపి వాటిని పెంచవచ్చు, కాని నీరు మార్చిన ప్రతిసారీ అదే పాళ్లలో కలపవలసి ఉంటుంది. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ వంటి పిల్లలను కనే చేపలకు మాత్రం మీ నీరే నచ్చుతుంది. ఒక్కో మగ చేపకు రెండు మూడు ఆడ చేపలు ఉండేట్టు చూడండి, లేకపోతే మగవి వాటిని తరిమి తరిమి అలసిపోయేలా చేస్తాయి.

ఏంజెల్ చేప ఎదిగిన తరువాత నియాన్ దాని నోటికి సరిగ్గా పట్టే ఆహారం. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీరు కావాలి, పైగా అది విసర్జించే మలినం చాలా ఎక్కువ. దుకాణంలో రెండంగుళాలున్న సకర్ చేప అడుగు దాటి పెరుగుతుంది కనుక దాని బదులు అయిదంగుళాల దగ్గర ఆగిపోయే బ్రిసిల్‌నోస్ అనే చిన్న రకం సకర్ చేప ఒక్కటి చాలు.

రెండో జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూనే, తొందర వద్దని మరీ మరీ చెబుతున్నాను. నా మొదటి తొట్టిలో మూడో రోజునే ఇరవై చేపలు వదిలాను. వారం తిరగకముందే అవన్నీ నీటి పైకి చేరి, మొప్పలు ఎర్రబారి, నోళ్లు తెరుస్తూ మూస్తూ ఊపిరికోసం పెనుగులాడాయి. చివరికి నాలుగే మిగిలాయి. ఆ దృశ్యం నేటికీ నన్ను బాధిస్తుంది. చేపల మలినం నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. ఇవి ఫిల్టరు స్పాంజిలో తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండానే ఫిల్టరు నడిపిస్తూ రోజూ చిటికెడు మేత వేయండి; అది కుళ్లి, ఆ బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన అమ్మోనియా పుడుతుంది. టెస్ట్ కిట్‌లో నైట్రేటు కనిపించి, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే మొదటి ఆరు చేపలను వదలండి. కఠిన జలంలో సాధారణంగా పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువ; అలాంటి నీటిలో అమ్మోనియా మరింత విషమవుతుంది కాబట్టి మీ విషయంలో ఈ ఓపిక ఇంకా అవసరం. ఆ బ్యాక్టీరియా నశించకుండా, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండండి.

మూడో జవాబు

నీటి బరువే 130 కిలోలు, ఆపైన గాజు, రాళ్లు. స్టాండును రసమట్టంతో సరిచూసి, అడుగు గాజు కింద థర్మోకోల్ షీటు పరచండి. ఎండ పడే కిటికీ పక్కన వద్దు. మేలో నీరు 30 డిగ్రీలు దాటితే మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్లాటీలు ఆరు, మోలీలు ఆరు, బ్రిసిల్‌నోస్ ఒకటి అని జాబితా మార్చుకున్నాను. మొదట ప్లాటీలు, మూడు వారాల తరువాత మోలీలు. నియాన్లు లేవని పిల్లలు కొంత చిన్నబుచ్చుకున్నారు. ఈ సాయంత్రమే ఫిల్టరు వేసి నీరు నింపుతున్నాను.