ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని ఉంది, ఇంటికి మాత్రం ఏమీ రాలేదు

గుడ్లగూబ:
అందరికీ నమస్తే. ఎన్నాళ్ల నుంచో కుట్టుమిషన్ కొనాలని చూస్తున్నాను. మూడు వారాల కిందట రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో ఒక యాడ్ కనబడింది. పేరున్న కంపెనీ మిషనే, ‘గోడౌన్ మూసేస్తున్నాం’ అని 80 శాతం తగ్గింపు. పైన టైమర్ పరుగెడుతోంది, ఇంకా 11 నిమిషాలే. సైట్ నీట్‌గా ఉంది, అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్ ఉంది, రివ్యూలన్నీ ఐదు స్టార్లే. క్రెడిట్ కార్డుతో కట్టేశాను. ట్రాకింగ్ నంబర్ వస్తే రోజూ చూసుకుని మురిసిపోయాను. నిన్న ‘డెలివర్డ్’ అని పడింది, పార్సెల్ జాడే లేదు. మెయిల్ పెడితే ‘పక్కింట్లో అడగండి’ అన్నారు. వెళ్లి అడిగాను కూడా! తప్పు కొరియర్‌దా, సైటే దొంగదా?

నీలిసిరా:
సైటే దొంగదండీ. ఈ ట్రాకింగ్ నాటకం పాతదే. మీ ఊళ్లోనే ఇంకో అడ్రస్‌కి పనికిరాని చిన్న వస్తువేదో నిజంగానే పంపిస్తారు. నంబర్ అసలుదే, డెలివరీ అసలుదే, అడ్రసే మీది కాదు. మీరు బ్యాంకులో ఫిర్యాదు చేస్తే ‘ఇదిగో అందింది’ అని చూపించడానికి అదంతా. కొరియర్ వాళ్లకి ఆ నంబర్ చెప్పి పార్సెల్ బరువెంతో అడగండి. అవతలివాళ్ల అడ్రస్ చెప్పకపోవచ్చు, మీ అడ్రస్‌కి రాలేదని మెయిల్‌లో రాసిస్తే చాలు. కుట్టుమిషన్ బరువు రెండు వందల గ్రాములే ఉండదు కదా. అది జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో చార్జ్‌బ్యాక్ అడగండి, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం. దానికి గడువుంటుంది, ఇవాళే వెళ్లండి. ‘15 శాతం వెనక్కిస్తాం, ఫిర్యాదు వద్దు’ అని సైట్‌వాళ్లు బేరం పెడితే ఒప్పుకోకండి. ఆ గడువు దాటించడానికే అలా సాగదీస్తారు. ఆ కార్డు కూడా మార్పించుకోండి.

చివరి చుక్క:
హెచ్‌టీటీపీఎస్ గురించి ఒక మాట. మీకూ సైట్‌కీ మధ్య వెళ్లేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగైతే దొంగకే భద్రంగా చేరుతుంది. ఆ సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉంటే అడ్రస్ పక్కన కనబడే తాళం బొమ్మ చూసి జనం సైట్‌నే నమ్మేస్తున్నారని క్రోమ్ 2023లో దాన్ని తీసేసింది.

నేనైతే సైట్ అడ్రస్‌లోని పేరు వెనక నుంచి చదువుతాను. హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కి ముందు ఆగి, చివరి చుక్కకి ఎడమ పక్కన ఏముందో చూస్తాను. కంపెనీ పేరు ఇంకా ముందెక్కడో ఉండి, ఇక్కడ ‘మెగా-డీల్స్’ లాంటిది ఉంటే ఆ సైట్ మెగా-డీల్స్ వాడిది. (కొన్ని దేశాల అడ్రస్‌లకి చివర ‘కో.ఇన్’ లాగా రెండు ముక్కలుంటాయి, అప్పుడు ఇంకో చుక్క వెనక్కి వెళ్లాలి.) తర్వాత ఇంటర్నెట్‌లో సైట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో ఆ పేరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడండి. పాత తేదీ ఉన్నంత మాత్రాన మంచివాళ్లని కాదు, గడువు తీరిన పేర్లు కొనేవాళ్లూ ఉన్నారు. మరీ కొత్తదైతే మాత్రం నేను కార్డు బయటికి తీయను.

గుడ్లగూబ:
ఇద్దరికీ థాంక్స్. కొరియర్ వాళ్లు చెప్పిన బరువు 120 గ్రాములు! మిషన్ సూదుల డబ్బా అంత కూడా లేదు. మెయిల్ తీసుకుని చార్జ్‌బ్యాక్ వేశాను, కొత్త కార్డు కూడా అడిగాను.

ఇంటికొచ్చి ఆ సైట్ మళ్లీ తెరిచాను. పేజీ రిఫ్రెష్ చేస్తే టైమర్ మళ్లీ 11 నిమిషాల దగ్గర మొదలైంది. ‘1998 నుంచి మీ సేవలో’ అని రాసుకున్నారు, పేరు రిజిస్టరై నలభై రోజులు కూడా కాలేదు. రిటర్న్స్ పేజీ అయితే చూడాలి, ‘బూట్లు వాడకుండా వెనక్కి పంపండి’ అని ఉంది. ఏదో చెప్పుల షాపు నుంచి ఎత్తుకొచ్చి చదవకుండానే అతికించారు. నేనూ చదవలేదు లెండి.

ఇంకోటి. ఇందాక నాకు ఒక ప్రైవేట్ మెసేజ్ వచ్చింది. ఇలాంటి కేసుల్లో రెండు రోజుల్లో డబ్బు తెప్పిస్తారట, ముందు కాస్త ఫీజు కట్టమంటున్నారు. మీలో ఎవరైనా పంపారా?

నీలిసిరా:
మేమెవరం కాదండీ. పోగొట్టుకున్నవాళ్లని వెతుక్కుంటూ వచ్చే రెండో విడత దొంగలు. జవాబివ్వకుండా అడ్మిన్‌కి రిపోర్ట్ కొట్టండి.

గుడ్లగూబ:
కొట్టేశాను. ‘సిస్టర్, ఆఫర్ ఈ రాత్రి వరకే’ అని ఇంకో మెసేజ్ పెట్టాడు.